త్రేన్పుల రిజిస్టరు

పెచ్చెట్టి అబ్బులు సోడా కొట్టు మీది బోర్డు నలభై మూడేళ్ళుగా ఒకే మాట మీద నిలబడి ఉంది. "పెచ్చెట్టి వారి గోళీ సోడా. త్రేన్పు రాకపోతే సోడా ఉచితం." రాయించింది అబ్బులు తండ్రి గన్నెయ్య. ఆయన కాలంలో అలా ఉచితంగా పోయిన సోడాలు రెండే రెండు. ఒకటి తాగినవాడు త్రేన్పు వచ్చినా రాలేదని బొంకాడు. రెండోది పోస్టుమాన్ పాపయ్య తాగాడు. పాపయ్యకు బుద్ధెరిగిన దగ్గర్నుంచి త్రేన్పన్నదే రాలేదు. అది ఆయన ఒంటి తీరు తప్ప సోడా లోపం కాదని ఊరంతా ఒప్పుకున్నారు.

గోదావరి పాయ పక్కనున్న పొన్నలంక తిండి విషయంలో మొహమాటం లేని ఊరు. అక్కడ పెళ్ళి భోజనం చేసిన పెద్దమనిషి బ్రేవుమని లేస్తే గానీ పెట్టినవాళ్ళకు తృప్తి ఉండదు. పెట్టింది అరక్కపోతే అబ్బులు కొట్టు ఉంది. అబ్బులు సీసా అందుకుని బొటనవేలితో గోళీ నొక్కుతాడు. అది కీచుమంటుంది. తాగినవాడు బెంచీ మీద కూర్చుని బ్రేవుమంటాడు, పది రూపాయలిచ్చి పోతాడు. సీసాలోంచి కడుపులోకి, కడుపులోంచి గాలిలోకి పోయిన ఆ గ్యాసు ఆ పైన ఎవరిదన్న ప్రశ్న పొన్నలంకలో ఎవరికీ పుట్టలేదు.

ఏప్రిల్ నెలలో అది ప్రభుత్వానికి పుట్టింది.

బస్టాండు ఎదురుగా మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుని "వ్యాపార సంస్థల ఉద్గారాల వెల్లడి కార్యాలయం" అని బోర్డు కట్టారు. దానికి అధికారిగా త్రయంబకం గారు వచ్చారు. ఆయనతో పాటు ఒక ముసలి గుమాస్తా, ఒక బీరువా, ఒక లక్క కడ్డీ, ఒక ఇత్తడి ముద్ర వచ్చాయి. త్రయంబకం గారు నిజాయితీపరుడు. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత జరిగిన అనర్థమంతా దానివల్లే జరిగింది. లంచం పుచ్చుకునే మనిషైతే ఈ కథ ఈ పేరాలోనే ముగిసేది.

ఆయన మొదటి తనిఖీకి అబ్బులు కొట్టుకే వచ్చారు. అబ్బులు భార్య మంగతాయారు మంచినీళ్ళిస్తే కూడా ముట్టుకోలేదు. ముప్పై ఆరు పేజీల ఫారం తీసి బల్ల మీద పెట్టారు.

"మీరు వారానికి ఎన్ని సిలిండర్ల బొగ్గుపులుసు వాయువు వినియోగించుచున్నారు?"

"గ్యాసాండీ? ఒకటండి. ఎండాకాలంలో రెండు."

"సదరు వాయువు అంతిమంగా ఎచటికి పోవుచున్నది?"

"జనంలోకండి."

"ఆ తదుపరి?"

ఇంకెవరైనా అయితే "ఏమోనండీ" అనేసి బతికిపోయేవాడు. అబ్బులుకు సోడా గురించి ఎవరైనా అడిగితే ఒళ్ళు మరిచిపోయే జబ్బుంది. ఛాతీ విరుచుకుని, "బేవుమని బయటికొచ్చేత్తదండి బాబూ! రాకపోతే డబ్బులు పుచ్చుకోం. కావాలంటే బోర్డు సూడండి" అన్నాడు.

త్రయంబకం గారు బయటికెళ్ళి బోర్డు చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు.

"ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఎన్నో సంస్థలను చూశాను. తన ఉద్గారానికి తానే బహిరంగంగా హామీ ఇచ్చిన సంస్థను ఇప్పుడే చూస్తున్నాను."

అబ్బులు దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు. "అంతా మా బాబు చలవండి" అని దణ్ణం పెట్టాడు.

వారం తిరక్కుండా పాపయ్య గోధుమరంగు కవరు తెచ్చిచ్చాడు. అబ్బులు చదువు అయిదో తరగతి దగ్గర ఆగింది. అందుకని రోజూ మధ్యాహ్నం సోడాకు వచ్చే డ్రిల్లు మాస్టారు వీరాస్వామి గారి చేత చదివించుకున్నాడు. ఆయన రిటైరై పదేళ్ళయినా గొంతు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

"వస్తువు అమ్మినంత మాత్రాన విక్రేత బాధ్యత తీరదు. సదరు వస్తువు వలన వినియోగదారుని యందు కలుగు ఉద్గారము కూడా విక్రేత లెక్కలోనే చేరును," అని చదివి మాస్టారు కాగితం దించారు. "అంటే ఏంటో తెలుసా అబ్బులూ? ఇకమీదట నా త్రేన్పు నీది."

"మీరు తేన్చిందాన్ని నేనేం చేసుకోనండీ?"

"రాసుకోవాలి."

కవరులో రిజిస్టరు నమూనా కూడా ఉంది. తేదీ, పేరు, తండ్రి పేరు, సోడా తాగిన సమయం, త్రేన్చిన సమయం, తీవ్రత. తీవ్రత మూడు రకాలు, అల్పం, మధ్యమం, తీవ్రం. చిట్టచివర ఇంకో గడి ఉంది. అందులో "సొంత పని" అనో "విధి నిర్వహణ" అనో రాయాలి. ఆ గడి ఎందుకుందో ఎవరికీ అర్థం కాలేదు. అందరూ సొంత పని అనే రాశారు. త్రేన్పు కంటే సొంత పని ఏముంటుంది?

అప్పటినుంచి సోడా తాగినవాడు త్రేన్చేదాకా బెంచీ దిగకూడదు. దారిలో త్రేన్చాడంటే అది "జాడ తెలియని ఉద్గారం" అవుతుంది, దాన్ని రెండుగా లెక్కేస్తారు. బస్సు పట్టుకోవాల్సిన వాళ్ళు పొట్ట మీద చరుచుకుంటూ కూర్చునేవాళ్ళు. మంగతాయారు చెవి దగ్గర పెన్సిలు పెట్టుకుని బెంచీ పక్కన నిలబడేది. కొందరు మర్యాదస్తులు నోటికి కండువా అడ్డం పెట్టుకుని త్రేన్చేవాళ్ళు. "ఇదిగో బాబూ, అది అల్పమా మజ్జెమమా?" అని ఆవిడ అందరి ముందూ గట్టిగా అడిగేసరికి సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళు. డ్రిల్లు మాస్టారికి ఆ బెడద లేదు. ఆయన త్రేన్చితే మేడ మీద ఆఫీసులో త్రయంబకం గారే స్వయంగా విని, "తీవ్రం" అని కిటికీలోంచి చెప్పేవారు.

జూన్‌లో మొదటి సవరణ వచ్చింది. త్రేన్పులో కొంత భాగం సోడాది, కొంత భాగం అంతకుముందు తిన్న భోజనానిది కనుక, రెంటినీ విడదీసి చూపాలన్నారు. అందుకని ప్రతి వాడూ పొద్దున్నుంచీ ఏం తిన్నాడో రాసి సంతకం చేయాల్సొచ్చింది. దాంతో ఊళ్ళో ఎవరింట్లో ఏం వండుకున్నారో మంగతాయారుకు వివరంగా తెలిసిపోయింది. పెసరట్టు తిన్నామని రాసి ఉప్మాతో సరిపెట్టుకున్నవాళ్ళు నలుగురు దొరికిపోయారు. ఆగస్టులో రెండో సవరణ మొదటి సవరణను రద్దు చేసింది. అప్పటిదాకా సేకరించిన ఉప్మాలను మాత్రం పదేళ్ళు భద్రపరచాలంది.

సెప్టెంబరులో వచ్చిన మూడో సవరణతో అసలు కథ మొదలైంది. దాన్ని త్రయంబకం గారే స్వయంగా తెచ్చి చదివి వినిపించారు.

"సోడా సేవించిన వ్యక్తి అర్ధగంట వ్యవధిలో త్రేన్చని యెడల, వాయువు అతని యందు నిల్వ యున్నట్లు భావించవలెను. సంవత్సరాంతమున, అనగా మార్చి ముప్పై ఒకటి సాయంత్రం అయిదు గంటలకు, ఏ సంస్థ యొక్క త్రేన్పులైనను నిల్వలను మించరాదు. ఒక్కటి మించినను సదరు ఆవరణకు సీలు వేయవలెను. ఈ నియమమునకు ప్రభుత్వ కార్యాలయములు సైతం అతీతం కావు." కాగితం మడిచి, కాస్త గర్వంగా, "మా కార్యాలయంలో త్రేన్పులు సున్నా, నిల్వలు సున్నా. సమతూకం" అన్నారు.

"సీలంటే ఎక్కడేత్తారండీ?" అని అడిగాడు అబ్బులు.

"యంత్రానికి, తలుపుకి."

అబ్బులు వెనక్కి తిరిగి మిషను వంక చూశాడు. తండ్రి చక్రం తిప్పుతుంటే పక్కన నిలబడి గోళీలు కడిగిన రోజుల్నుంచి అతనికి తెలిసిన పని అదొక్కటే. వేరే పని నేర్చుకునే వయసు దాటిపోయింది. అతనికి నిజంగా భయం వేసింది.

"బాబూ, తేన్పు రావడానికే కదండీ సోడా తాగేది. రాకుండా ఉండాలంటే ఇంక సోడా ఎందుకండీ?"

"ఆ ప్రశ్న మా శాఖ పరిధిలోనిది కాదు. అన్నట్లు ఆ బోర్డు ఉద్గారాన్ని ప్రోత్సహించుచున్నది. కప్పివేయవలెను."

ఆ సాయంత్రం అబ్బులు నిచ్చెన వేసుకుని తండ్రి బోర్డు మీద గోనెపట్టా కట్టాడు. మంగతాయారు కింద నిలబడి కళ్ళు ఒత్తుకుంది. అంతకుముందు ఆ బోర్డుకు గుడ్డ కప్పింది గన్నెయ్య పోయిన రోజునే.

పొన్నలంక వాళ్ళకు తిండి మీద ఎంత మమకారమో, తమకు సోడా పోసినవాడి మీదా అంతే. ఆ రోజు నుంచి ఊరు ఊరంతా అబ్బులు కోసం త్రేన్పు బిగబట్టింది. డ్రిల్లు మాస్టారు ఈల మెళ్ళో వేసుకుని రంగంలోకి దిగారు. సోడా తాగినవాళ్ళను బెంచీ మీద వరుసగా కూర్చోబెట్టి, "నడుం నిటారు! గడ్డం పైకి! వస్తోందా? మింగు! రానివ్వకు!" అని అరగంట కవాతు చేయించేవారు. అరగంట కాగానే ఈల ఊదితే, మంగతాయారు పేరు పక్కన "నిల్వ" అని రాసేది. ఆ రాత కోసం వాళ్ళు పడిన యాతన పగవాడికి కూడా వద్దు. లేచి నడుస్తుంటే పొట్టలో బిందె కదిలినట్టు చప్పుడయ్యేది.

పోస్టుమాన్ పాపయ్య దశ తిరిగింది. పుట్టినప్పటినుంచి లోపం అనుకున్నది యోగ్యతగా మారింది. రోజుకు మూడు సోడాలు తాగి మూడు నిల్వలు రాయించుకునేవాడు. త్రయంబకం గారు ఆయనకు "వాయు నిల్వ కేంద్రం" అని ధ్రువపత్రం ఇచ్చి, నివాస స్థలం మార్చేటప్పుడు ముందుగా తెలియజేయవలెనని రాశారు. పాపయ్య భార్య దాన్ని ఫ్రేము కట్టించింది.

డిసెంబరులో నాలుగో సవరణ వచ్చింది. అది ఒక్క వాక్యం. "నిల్వ యున్న వాయువు వెలువడు మార్గముతో నిమిత్తం లేకుండ లెక్కించవలెను." డ్రిల్లు మాస్టారు దాన్ని చదివి, మంగతాయారు అక్కడే ఉండటం చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ సవరణ పొన్నలంకలో ఎప్పుడూ అమలు కాలేదు. ఎవరూ ఒప్పుకోలేదు కనుక.

ఇలా కిందా మీదా పడి మార్చి ముప్పై ఒకటికి చేరారు. మధ్యాహ్నం మూడింటికి మాస్టారు రిజిస్టరు మూడుసార్లు కూడారు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా అమాయకంగా వదిలిన త్రేన్పులు, ఆ తర్వాత పళ్ళ బిగువున ఆపిన నిల్వలు సరిగ్గా సమానంగా వచ్చాయి. నాలుగు వేల నూట పన్నెండుకు నాలుగు వేల నూట పన్నెండు.

"ఇంక అయిదింటిదాకా ఎవరికీ సోడా కొట్టకు" అన్నారు మాస్టారు. "పాపయ్య కోసం చూద్దామంటే అతను బట్వాడాకు లంక అవతలికి వెళ్ళాడు. కదలకుండా కూర్చుంటే గట్టెక్కినట్టే."

అబ్బులు మిషను మీద గుడ్డ కప్పి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

నాలుగుం బావుకు త్రయంబకం గారు వచ్చారు, చేతిలో లక్క కడ్డీ, ముద్ర, అగ్గిపెట్టె పట్టుకుని. మనిషి నడుస్తున్న తీరే వేరుగా ఉంది. ఆ మధ్యాహ్నం ఆఫీసులో ముసలి గుమాస్తా రిటైర్మెంటు విందు జరిగింది. పనసపొట్టు కూర, గుత్తి వంకాయ, పులిహోర, నేతి బూరెలు. సహచరుడి దగ్గర తినడం లంచం కిందికి రాదు కనుక, ఏడాదిగా ఆ ఊళ్ళో ఎవరింట్లోనూ చేయి కడగని ఆ మనిషి తొమ్మిది బూరెలు తిన్నారు.

బెంచీ మీద కూలబడి రిజిస్టరు తెరిచారు. అక్షరాలు కంటికి ఆనలేదు. నుదుటి మీద చెమట పట్టింది. ఒక చేయి పొట్ట మీద, ఒక చేయి గుండె మీద వేసుకున్నారు.

"ఏంటండీ, అలా ఉన్నారు?" అంది మంగతాయారు కంగారుగా.

"ఏమీ లేదు. కొద్దిగా... ఉబ్బరం."

అబ్బులు ఆయన మొహం చూశాడు. ఆ మొహాన్ని అతను వేలసార్లు చూశాడు. దానికి ఒకటే మందు. మాస్టారు వద్దని కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నారు. అబ్బులు లేచి, మిషను మీద గుడ్డ తీసి, సీసా నింపి, నిమ్మకాయ పిండి, ఉప్పేసి తెచ్చాడు.

"వద్దు. వ్యాపారి వద్ద నేను ఉచితంగా..."

"ఉచితం కాదండి బాబూ. పది రూపాయలు. ముందు తాగండి."

త్రయంబకం గారు జేబులోంచి పది రూపాయలు తీసి బల్ల మీద పెట్టి, అప్పుడు తాగారు. గడియారం నాలుగూ ఇరవై చూపించింది. తాగాక ఆయనకు ఒక విషయం గుర్తొచ్చింది. రిజిస్టరులో రెండు వైపులా అంకె ఒకటే. తను త్రేన్చితే సంస్థ మించిపోతుంది. తన చేత్తో సీలు వేయాలి. పెదవులు బిగించి, నడుం నిటారుగా పెట్టి కూర్చున్నారు. ఎవరూ చెప్పకుండానే గడ్డం పైకెత్తారు.

అయిదు నిమిషాలు గడిచాయి. పది నిమిషాలు గడిచాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెవులు ఎర్రబడ్డాయి. ఇంకో ఇరవై నిమిషాలు ఆగితే ఆయన నిల్వ అవుతారు, అబ్బులు గట్టెక్కుతాడు. మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని గడియారం చూస్తున్నారు.

అబ్బులు గడియారం చూడలేదు. అతని కళ్ళు ఆ మొహం మీదే ఉన్నాయి. "సోడా అమ్మేవోడు డబ్బులు కాదురా, తాగినోడి మొకం సూడాల" అనేవాడు గన్నెయ్య. తన సోడా లోపలికెళ్ళాక కూడా ఒక మనిషి తన బెంచీ మీద అలా నలిగిపోవడం అతనికి గుండెకోతగా అనిపించింది. దానికంటే సీలే నయం అనిపించింది.

"తేన్చేయండి బాబూ" అన్నాడు.

త్రయంబకం గారు నోరు తెరవకుండా తల అడ్డంగా ఊపారు. వేలితో లక్క కడ్డీ చూపించారు.

"ఏసుకోండి. సోడా మిషనుకేగా. మనిసికి సీలెయ్యడం నా వల్ల కాదండీ." అని దగ్గరికెళ్ళి, చంటిపిల్లాడికి తట్టినట్టు ఆయన వీపు మీద రెండుసార్లు తట్టాడు.

బ్రేవ్!

బస్టాండులో కుక్క లేచి కూర్చుంది. మేడ మీద ఆఫీసు కిటికీ రెక్క కొట్టుకుంది. త్రయంబకం గారు కళ్ళు మూసుకుని, ఏడాదిలో మొదటిసారి నవ్వారు. తర్వాత కళ్ళు తెరిచి, నవ్వు సర్దేసుకుని, "తీవ్రం" అని తన త్రేన్పుకు తానే తీర్పు చెప్పి కలం అందుకున్నారు.

మంగతాయారు కొంగు నోట్లో కుక్కుకుంది. అబ్బులు మిషను చక్రం మీద చేయి వేసి నిలబడ్డాడు.

తేదీ రాశారు. పేరు రాశారు. తండ్రి పేరు రాశారు. సమయాలు రెండూ రాశారు. తీవ్రత రాశారు. చివరి గడి దగ్గర కలం ఆగింది.

సొంత పనా, విధి నిర్వహణా?

"సొంత పని అని రాసెయ్యండి సార్, అందరూ అదే రాశారు" అన్నారు మాస్టారు, పాపం అలవాటు కొద్దీ.

"అబద్ధం రాయలేను. నేను తనిఖీ మీద వచ్చాను." జేబులోంచి నియమావళి తీసి తిప్పారు. దొరికింది. చదువుతుంటే గొంతు తగ్గింది. "విధి నిర్వహణలో యున్న ఉద్యోగి యొక్క ఉద్గారము... సదరు ఉద్యోగి కార్యాలయపు లెక్కలో చేరును."

ముందుగా మాస్టారికి వెలిగింది. "అయితే అబ్బులు లెక్క పెరగలేదు!"

"పెరగలేదు."

"మరి మీ ఆఫీసుకి?"

"త్రేన్పులు ఒకటి. నిల్వలు సున్నా." త్రయంబకం గారు లేచి నిలబడి, లక్క కడ్డీ, ముద్ర, అగ్గిపెట్టె తీసుకున్నారు. "మించినది."

ఊళ్ళో సగం మంది ఆయన వెనకే మేడ మెట్లెక్కారు. "ఈ ఒక్కసారికీ పోనివ్వండి సార్" అని మాస్టారే బతిమాలారు. ఆయన వినలేదు. సరిగ్గా అయిదు గంటలకు తలుపు మూసి, తాళం వేసి, లక్క కరిగించి, తన ఆఫీసుకు తనే సీలు వేశారు. పొన్నలంక రిజిస్టర్లు, సవరణలు, భద్రపరచిన ఉప్మాలు అన్నీ లోపలే ఉండిపోయాయి. ఒక్క అబ్బులు రిజిస్టరు మాత్రం బయట మిగిలితే, దాన్ని కూడా నిబంధన ప్రకారం కిటికీ సందులోంచి లోపలికి తోశారు.

మర్నాడు అబ్బులు బోర్డు మీది గోనెపట్టా విప్పాడు. వద్దనడానికి ఆఫీసు లేదు.

త్రయంబకం గారికి కూర్చోవడానికి చోటు లేకపోయింది. పదిన్నరకల్లా వచ్చి అబ్బులు బెంచీ మీద కూర్చుని, అయిదింటికి లేచి వెళ్ళేవారు. సీలు తీయడానికి అనుమతి కోరుతూ తెల్ల కాగితం మీద రాసి పంపించారు. మూడు వారాలకు జవాబొచ్చింది. సీలేసిన ఆఫీసుకు ఉత్తరం ఇవ్వడం కుదరదు కనుక పాపయ్య దాన్ని బెంచీ దగ్గరే ఇచ్చాడు.

"సదరు త్రేన్పును తమరు ఉపసంహరించుకుని, ఉపసంహరించుకున్నట్లు కార్యాలయ ముద్రతో ధ్రువపత్రం పంపిన యెడల, సీలు తొలగించు విషయం పరిశీలించబడును."

కార్యాలయ ముద్ర ఆయన దగ్గరే ఉంది. ఆయన ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, చాలాసేపు ఆలోచించి, గంభీరంగా అడిగారు. "అబ్బులు గారూ, వెనక్కి తీసుకునే విధానం ఏదైనా మీ వృత్తిలో ఉన్నదా?"

"మా బాబుక్కూడా తెలీదండి. మా మిషను లోపలికి పంపుతాదంతే."

త్రయంబకం గారు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఎండ మండిపోతోంది. "సరే, ఒక సోడా ఇవ్వండి" అన్నారు. అబ్బులు గోళీ నొక్కాడు. కీచుమంది. ఆయన తాగి, అలవాటుగా నడుం నిటారు చేసి, అటూ ఇటూ చూశారు. రిజిస్టరు కోసం చేయి చాపారు. అక్కడ రిజిస్టరు లేదు. మంగతాయారు చెవి దగ్గర పెన్సిలు లేదు.

బ్రేవుమన్నారు. ఎవరూ రాసుకోలేదు.

తల ఎత్తి బోర్డు ఒకసారి చదువుకుని, పది రూపాయలు బల్ల మీద పెట్టారు.